మంచం పట్టినవారిని ఇంట్లో చూసుకుంటున్నారా? మీకు సాయం ఎలా తెచ్చుకోవాలి?

మా అత్తయ్యకు పక్షవాతంతో కుడివైపు పడిపోయాక మూడేళ్లు ఆమెను ఇంట్లోనే చూసుకున్నాను. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. అర్ధరాత్రి అలారం మోగగానే లేచి, నడుము కింద చేయి పెట్టి ఒత్తిగిలించేటప్పుడు, ఆమె ఎడమచేత్తో నా కొంగు గట్టిగా పట్టుకునేవారు. చూడవచ్చిన చుట్టాలందరూ "అత్తగారికి ఎలా ఉంది?" అని అడిగేవారు. "మీరు సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందండీ?" అని అడిగింది మాత్రం ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అమ్మాయి ఒక్కతే. జవాబు చెప్పలేక ఏడ్చేశాను.

ఇలాంటి చాకిరీ మన ఇళ్లలో కోడలి మీదో, కూతురి మీదో, తానే వయసు మళ్లిన భార్య మీదో పడుతుంది. అందుకు జీతం ఉండదు, సెలవూ ఉండదు. సాయం దొరికే దారులు కొన్ని ఉన్నాయి గాని, అవి ఎక్కడున్నాయో ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. నాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

1. ముందు ఒక రోజంతా రాసిపెట్టండి

పొద్దున లేచింది మొదలు ఏ పని ఎన్ని గంటలకు చేశారో, ఎంతసేపు పట్టిందో నోటుపుస్తకంలో రాయండి. మందులు, స్నానం, పక్క బట్టలు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, అన్నీ. "ఏమైనా సాయం కావాలా?" అని ఎవరైనా అడిగితే మనం అలవాటుగా "ఫరవాలేదు" అంటాం. పుస్తకం ముందుంటే "బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వచ్చి కూర్చోండి" అని చెప్పగలుగుతాం. అలా అడిగితేనే మనుషులు వస్తారు.

దూరాన ఉన్నవారికీ పని పంచండి. అమెరికాలో ఉన్న మా మరిదికి ఆ పుస్తకం ఫోటో తీసి పంపాను. మందులు తెప్పించడం, బిల్లులు చూడటం తను తీసుకున్నాడు. వారానికి రెండు రాత్రులు మనిషిని పెట్టుకోవడానికి డబ్బు పంపాడు. ఆ రెండు రాత్రుల నిద్రే నన్ను నిలబెట్టింది.

2. వైకల్య ధ్రువపత్రం (సదరం సర్టిఫికెట్) తీసుకోండి

చాలా సాయాలకు తాళంచెవి ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో గాని, తెలంగాణలో 2025 నుంచి సదరం బదులు వచ్చిన కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్‌లో గాని స్లాటు తీసుకుంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి వైకల్య శాతం నిర్ణయిస్తారు. 40 శాతం లేదా అంతకు మించి ఉంటే పింఛనుకు దరఖాస్తు పెట్టవచ్చు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జూలైలో 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో 6,000 చేశారు; పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఈ తేడా తెలియక తక్కువ పింఛనుతో సరిపెట్టుకునే కుటుంబాలున్నాయి. మీ మనిషి పరిస్థితి ఏదో దరఖాస్తులో స్పష్టంగా రాయించండి.

ఇంట్లో పన్ను కట్టేవారు పాత పన్ను విధానంలో ఉంటే, వైకల్యం ఉన్న తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువుల్లో తమపై ఆధారపడినవారి కోసం 75,000 రూపాయల తగ్గింపు పొందవచ్చు. వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే అది 1,25,000.

ఇక్కడ ఒక మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఇచ్చే విషయం రాసి ఉంది. కేరళ ప్రభుత్వం 'ఆశ్వాసకిరణం' పథకం కింద సేవ చేసేవారికే నెలకు కొంత మొత్తం ఇస్తోంది. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ ఆ చాకిరీని పనిగా గుర్తించారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ గుర్తింపు రావాలి. వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఈ చట్టం పేరు తప్పక రాయండి.

3. రెండు నంబర్లు ఫోనులో దాచుకోండి

14567 వృద్ధుల సహాయవాణి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. పింఛను, న్యాయ సలహా, సంరక్షణ కేంద్రాల వివరాలు చెబుతారు. 14416 టెలీ మానస్, అంటే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయవాణి. పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ రెండోది మీ కోసం. విసుగుతో మంచంలో ఉన్న మనిషి మీద చేయి ఎత్తాలనిపించిన రోజున సిగ్గుపడి దాచుకోకండి. పక్క గదిలోకి వెళ్లి ఫోను చేయండి.

4. ఇంటికి వచ్చే నర్సుల గురించి అడగండి

పాలియేటివ్ కేర్, అంటే బాధ తగ్గించే ఉపశమన వైద్యం, చివరి రోజుల్లో ఉన్న క్యాన్సర్ రోగులకే అనుకుంటారు. అది పొరపాటు. దీర్ఘకాలం మంచాన ఉన్నవారికి పుండ్లు కడగడం, మూత్రం గొట్టం మార్చడం, ముక్కు గొట్టంతో ఆహారం ఎలా పెట్టాలో నేర్పడం కూడా వారి పనే. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇళ్లకు వచ్చే బృందాలున్నాయి. జిల్లా ఆసుపత్రిలో అడగండి. మతిమరుపు జబ్బు ఉన్నవారి కుటుంబాలు, అల్జీమర్స్ సొసైటీ హైదరాబాద్ శాఖను సంప్రదించవచ్చు.

ఎత్తడం కూడా నేర్పించుకోండి. నాకు నేర్పింది ఆ ఫిజియోథెరపీ అమ్మాయే. నూలు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తుంటి కిందదాకా పరచాలి. ఇద్దరు చెరోపక్క నిలబడి అంచులు చుట్టి పట్టుకుని, ఒకేసారి పైకి జరపాలి. ఒంటిని పట్టి ఈడ్చకూడదు. మంచంలో ఉన్నవారి చర్మం చిట్లుతుంది, మన నడుము పోతుంది. నేను ఏడాదిపాటు అలా ఈడ్చాను. ఆ నొప్పి ఇంకా ఉంది.

5. బ్యాంకుకు మోసుకెళ్లకండి

ఒక బ్యాంకువాళ్లు అత్తయ్యను అంబులెన్సులో అయినా తీసుకురమ్మన్నారు. ఆ అవసరం లేదు. సంతకం చేయలేనివారు ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేయవచ్చు. సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి. 70 ఏళ్లు దాటినవారికి ఇంటివద్దే సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. పింఛనుదారుల జీవన ధ్రువపత్రం ఇంట్లోనే ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు. పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటికొచ్చి చేసిపెడతారు.

6. మీ బదులు మనిషి కోసం ఒక కాగితం

మనిషిని పెట్టుకుంటే ఆధార్ నకలు తీసుకోండి, పనులు ముందే మాట్లాడుకోండి, పనికొచ్చినవారి తిండికీ నిద్రకూ వేళ ఇవ్వండి. మీకు జ్వరం వచ్చిన రోజు ఎవరొచ్చినా చూసుకోగలిగేలా ఒక కాగితం మంచం పక్క గోడకు అంటించండి. మా ఇంట్లో దాని మీద మందుల వేళలు, డాక్టరు నంబరు, జావ ఎంత పలుచగా ఉండాలో రాశాను. అన్నిటికన్నా కింద: "పక్క మార్చేటప్పుడు భయపడతారు. ఎడమచేయి పట్టుకోనివ్వండి."