ఎర్రనీరు రాకముందే కెమెరాలో లొకేషన్ చూసుకోండి

గోదావరికి ఎర్రటి వరద నీరు వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చాక ఫోన్‌లో సెట్టింగులు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. నష్టం లెక్క రాసేది అధికారులే అయినా, వాళ్లొచ్చేసరికి నీరు తగ్గిపోతుంది. చేను ఎంత లోతు మునిగిందో చెప్పడానికి మీ ఫోటోయే ఆధారం. అది ఎక్కడిదో కూడా అందులోనే ఉండాలి.

ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలదు, కెమెరా యాప్‌కి విడిగా అనుమతి ఇవ్వాలి. ఇప్పుడే ఇంటి ముందు ఒక ఫోటో తీసి వివరాలు తెరవండి. అమలాపురంలో అయితే 16.58, 82.00 (అక్షాంశం, రేఖాంశం) దగ్గర్లో అంకెలు కనిపించాలి.

అసలు చిక్కు ఊరి పేరుతోనే. జీపీఎస్ ఇచ్చేది ఈ అంకెలే. వాటికి దగ్గర్లో ఏ ఊరుందో తన జాబితాలో వెతికి పేరు తగిలించేది యాప్. ఏటికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ దానికి తెలియవు. ఎదుర్లంకలో తీసిన ఫోటోకి గౌతమి పాయకు అవతలి యానాం పేరు పడితే ఊరే కాదు, రాష్ట్రం పోయి పుదుచ్చేరి వచ్చేస్తుంది. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాత జాబితా ఉన్న యాప్ అయితే ఇంకా తూర్పు గోదావరి అనే రాస్తుంది. కాబట్టి ఊరు, లంక (ఏటి నడుమ ఉన్న దిబ్బ), సర్వే నంబరు ఫోటో వివరణలో మీరే టైప్ చేయండి. అంకెలను మాత్రం కదపొద్దు.

టవర్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాకపోతే నెట్ లేనప్పుడు స్థానం పట్టడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. పడవెక్కే ముందే మ్యాప్ తెరిచి, నీలం చుక్క నిలకడగా ఆగాక బయల్దేరండి. కొబ్బరిచెట్ల కింద కాకుండా ఆకాశం కనిపించేచోట నిలబడండి. ఊరి పేరు ఖాళీగా వస్తే టెన్షన్ పడొద్దు. అంకెలుంటే పేరు తర్వాతైనా పెట్టుకోవచ్చు.

విడి కెమెరాతో తీసి, ఫోన్‌లో నమోదైన ట్రాక్‌తో (ఏ టైమ్‌కి ఎక్కడున్నారో చూపే జాడతో) తర్వాత జతచేసేవాళ్లు కెమెరా గడియారాన్ని ఫోన్‌తో సరిచేసుకోవాలి. జతపడేది టైమ్‌ని బట్టే. పది నిమిషాలు తేడా ఉంటే ఒక లంక ఫోటో ఇంకో లంకకి వెళ్లిపోతుంది.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోండి. ఇల్లు ఖాళీ చేసి పునరావాస కేంద్రానికి వెళ్లినప్పుడు మాత్రం ఆ ఇంటి ఫోటోలను లొకేషన్‌తో సహా నలుగురికీ కనిపించేలా పెట్టకండి.