టెక్స్‌షేర్ కార్డు: ఊరి లైబ్రరీ సభ్యత్వంతో విశ్వవిద్యాలయ పుస్తకాలు తెచ్చుకోవడం

టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తమ ఊరి పబ్లిక్ లైబ్రరీ కొత్త కాదు. పిల్లల పుస్తకాల కోసమైనా తరచుగా వెళ్తూనే ఉంటారు. అయితే ఆ సభ్యత్వాన్నే ఆధారం చేసుకుని దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి కూడా పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చునని చాలామంది గమనించరు. ఆ వీలు కల్పించేది టెక్స్‌షేర్ కార్డు. ఆస్టిన్‌లోని టెక్సాస్ స్టేట్ లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కమిషన్ నిర్వహించే ఈ పథకంలో పబ్లిక్ లైబ్రరీలతో పాటు విశ్వవిద్యాలయాల, కమ్యూనిటీ కాలేజీల గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. ఇతను మా పాఠకుడే, బకాయిలేమీ లేవు అని ఒక గ్రంథాలయం ధ్రువీకరిస్తే, ఆ మాట మీద ఇంకొకటి పుస్తకం ఇస్తుంది.

దీనినీ ఇంటర్‌లైబ్రరీ లోన్‌నూ ఒకటిగా భావించకూడదు. ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో పాఠకుడు కదలనక్కరలేదు. అడిగిన పుస్తకాన్ని అతని లైబ్రరీయే వేరే చోటి నుంచి తెప్పిస్తుంది, కాకపోతే అది వచ్చేదాకా ఎదురుచూడాలి. టెక్స్‌షేర్‌లో మీరే స్వయంగా వెళ్ళి, అరల మధ్య తిరిగి, కావలసినది ఎంచుకుని తెచ్చుకుంటారు. ఒక విషయం మీద నాలుగైదు పుస్తకాలు తిరగేస్తే గాని తమకు ఏది పనికొస్తుందో తేలని పాఠకులకు ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం.

మొదట మీ సొంత లైబ్రరీ కౌంటరు దగ్గర టెక్స్‌షేర్ కార్డు కావాలని అడగాలి. అక్కడ మీరు నమోదైన సభ్యులై ఉండాలి. జరిమానాలు, గడువు దాటిన పుస్తకాలు ఉంటే ముందుగా వాటిని తీర్చుకోవాలి. ఈ పథకంలో చేరడం గ్రంథాలయాల ఇష్టానికి వదిలివేశారు కాబట్టి మీ లైబ్రరీ అందులో ఉన్నదో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. పిల్లలకు, రుసుము కట్టి చేరిన పొరుగూరి సభ్యులకు కార్డు ఇచ్చే విషయంలో ఒక్కో లైబ్రరీకి ఒక్కో నియమం ఉంటుంది. కార్డు చేతికి రాగానే దాని మీద వేసిన గడువు తేదీ చూసుకోవాలి. గడువు ముగిసిన కార్డును పుస్తకం ఇచ్చే గ్రంథాలయం పొడిగించదు. మళ్ళీ సొంత లైబ్రరీకే రావాలి.

విశ్వవిద్యాలయానికి బయలుదేరే ముందు అక్కడి నియమాలు చదవడం తప్పనిసరి, ఎందుకంటే ఎన్ని పుస్తకాలు ఇవ్వాలి, ఎన్ని రోజులకు ఇవ్వాలి, ఏవి బయటికి పంపకూడదు అన్నవన్నీ పుస్తకం ఇచ్చే గ్రంథాలయమే నిర్ణయిస్తుంది. మీ ఊరి లైబ్రరీలో చెల్లే హక్కులు అక్కడ చెల్లవు. కోర్సుల కోసం పక్కన పెట్టిన పాఠ్యపుస్తకాలు, రిఫరెన్స్ గ్రంథాలు సాధారణంగా ఇవ్వరు. ఆన్‌లైన్ పత్రికలు, ఈ-పుస్తకాలు ఇంటి నుంచి చదువుకునే వీలు కూడా ఈ కార్డుతో రాదు. ప్రచురణకర్తలతో చేసుకున్న ఒప్పందాలు ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులకు, సిబ్బందికి పరిమితమై ఉంటాయి. కార్డుతో పాటు ఫోటో ఉన్న గుర్తింపు పత్రం, ప్రస్తుత చిరునామాకు రుజువు తీసుకువెళ్తే అక్కడి నమోదు ఆటంకం లేకుండా సాగుతుంది. క్యాంపస్‌లో కారు ఎక్కడ నిలపవచ్చో కూడా ముందే కనుక్కోవడం మంచిది.

తెలుగు పుస్తకాల కోసం వెళ్ళేవారు కేటలాగులో వెతికే పద్ధతిని కాస్త శ్రద్ధగా నేర్చుకోవాలి. 1962లో ఢిల్లీలో ఏర్పడిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు అమెరికా విశ్వవిద్యాలయాలకు దశాబ్దాలుగా చేరుతున్నాయి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వాటిలో ఒకటి. ఈ పుస్తకాల వివరాలు చాలావరకు రోమన్ లిపిలో, ఒక నిర్ణీత లిప్యంతరీకరణ పద్ధతిలో నమోదై ఉంటాయి. మనం ఫోనులో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకునే తీరు అక్కడ పనిచేయదు. ఆ పద్ధతిలో ‘చ’కు ‘సి’ అక్షరం ఒక్కటే వాడతారు. ‘సి’ పక్కన ‘హెచ్’ చేర్చితే అది ‘ఛ’ అవుతుంది. అందువల్ల ‘చరిత్ర’ అనే మాట కోసం సి, ఏ, ఆర్, ఐ, టి, ఆర్, ఏ అని కొట్టాలి. ‘శ’కు ‘ఎస్’ మాత్రమే కొట్టాలి, దాని పక్కన ‘హెచ్’ ఉండకూడదు. దీర్ఘాలకు అచ్చును రెండుసార్లు కొట్టకూడదు; అక్షరం మీద ఉండే గీతలను, చుక్కలను వదిలేసినా సాధారణంగా ఫలితాలు వస్తాయి. పుస్తకం దొరకలేదనుకుని తిరిగివచ్చే ముందు ఈ విధంగా ఒకసారి వెతికి చూడండి. దొరికిన పుస్తకం అరలోనే ఉన్నదా, లేక ముందుగా అడిగి తెప్పించుకోవలసిన వేరే భవనంలో ఉన్నదా అన్నది కూడా ఆ రికార్డులోనే కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మన విద్యార్థులకూ ఇదే కార్డు ఎదురు దిశలో ఉపయోగపడుతుంది. తమ గ్రంథాలయం నుంచి కార్డు తీసుకుని, పథకంలో ఉన్న పబ్లిక్ లైబ్రరీలకు వెళ్ళి నవలలు, ప్రయాణ పుస్తకాలు, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు తెచ్చుకోవచ్చు. విద్యార్థుల కార్డు గడువు తరచుగా సెమిస్టరుతో ముడిపడి ఉంటుంది కనుక సెలవులకు ముందు దాన్ని సరిచూసుకోవాలి.

పుస్తకాన్ని ఎక్కడ తీసుకున్నారో అక్కడే తిరిగి ఇవ్వడం అన్నిటికంటే భద్రమైన మార్గం. సొంత లైబ్రరీలో ఇస్తే చాలునా అని అడగకుండా అక్కడి డ్రాప్ బాక్సులో వేస్తే, అది అసలు గ్రంథాలయానికి చేరేలోపు గడువు దాటిపోవచ్చు. ఆలస్యానికైనా, పుస్తకం పోయినా ఆ గ్రంథాలయం వేసిన సొమ్ము పాఠకుడే చెల్లించాలి. చెల్లించకపోతే సంగతి సొంత లైబ్రరీకి చేరి, అక్కడి సభ్యత్వం కూడా నిలిచిపోయే అవకాశం ఉంది. ఇంటికి దూరంగా ఉన్న క్యాంపస్ నుంచి పుస్తకం తెచ్చుకుంటే గడువును ఫోను ద్వారా గాని ఆన్‌లైన్‌లో గాని పొడిగించుకునే వీలున్నదా అని కౌంటరు దగ్గరే అడిగి తెలుసుకోవాలి. వీలు లేదంటే తిరిగి వెళ్ళగల రోజును లెక్క చూసుకుని, ఆ లోపు చదవగలిగినన్ని పుస్తకాలే తీసుకోవాలి.