అంచు లైటుతో పలకంతా ఒకేలా వెలగాలంటే చుక్కలు ఎలా వేయాలి?

తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఫొటో ఫ్రేముల దుకాణాల్లో లైటు పటాలను ఒకసారి గమనించండి. చవక రకం పటంలో స్వామివారి పాదాల దగ్గర కళ్లు జిగేల్మంటాయి, కిరీటం దగ్గరికొచ్చేసరికి మసక. మా బావమరిది కొన్న అలాంటి పటం ఒకటి విప్పి చూశాకే నాకీ పిచ్చి పట్టుకుంది. లోపల ఉన్నది ఒక అక్రిలిక్ పలక, కింది అంచుకు ఎల్‌ఈడీ స్ట్రిప్, వెనక తెల్ల కాగితం. అంతే. సన్నటి ఎల్‌సీడీ మానిటర్లలో, ల్యాప్‌టాప్‌లలో తెర వెనక ఉండేదీ ఇదే ఏర్పాటు. తేడా అంతా పలక మీది చుక్కల్లో ఉంది.

చిత్తూరు వైపు మామిడి తోటకు డ్రిప్ వేసినవాళ్లకు ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది. పైపు మొదట్లోనే పెద్ద రంధ్రాలు పొడిస్తే చివరి చెట్టుకు నీళ్లు చేరవు. వెలుగూ అంతే. లోపలికి పంపడం తేలికే, దారి పొడవునా సమానంగా కారనివ్వడమే పని.

అక్రిలిక్ వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.49. దాని ప్రకారం పలక ముఖానికి నిలువుగా ఒక గీత గీసుకుంటే, ఆ గీతతో 42 డిగ్రీలకు మించిన కోణంలో వచ్చి తగిలిన వెలుగు బయటికి పోదు, తిరిగి లోపలికే వస్తుంది. నున్నటి అంచులోంచి దూరిన కిరణం ముఖానికి తగిలేసరికి ఆ కోణం 48 డిగ్రీలకు తగ్గదు. కాబట్టి చుక్కలే లేకపోతే వెలుగంతా ఎదుటి అంచు దాకా పరిగెత్తి అక్కడే బయటపడుతుంది. మనం వెనక వైపు వేసే ఒక్కో చుక్క ఒక్కో రంధ్రం లాంటిది. దానికి తగిలిన వెలుగు చెదిరి ముందుకు వస్తుంది.

సామాను, అంచు

ఏ4 సైజు పటం అనుకుందాం. 5 మిల్లీమీటర్ల మందం, గాజులా పారదర్శకంగా ఉండే అక్రిలిక్ తీసుకోండి. స్ట్రిప్‌లలో మామూలుగా ఉండే 2835 రకం ఎల్‌ఈడీ 3.5 మిల్లీమీటర్ల పొడవుంటుంది. 3 మిల్లీమీటర్ల పలకైతే కొంత వెలుగు అంచు దాటి పక్కకు పోతుంది. చుక్కలు లేజర్‌తో చెక్కించేట్టయితే కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) అక్రిలిక్ అని అడిగి మరీ తీసుకోండి. ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి ఒత్తి తీసిన) రకం మీద చెక్కితే తెల్లగా రాదు.

స్ట్రిప్‌ను పొడుగు అంచుకు పెట్టండి. అప్పుడు వెలుగు నడవాల్సింది 297 కాదు, 210 మిల్లీమీటర్లే. నిలువు పటమైతే ఎడమ పక్కనో కుడి పక్కనో వస్తుంది, ఫర్వాలేదు. మీటరుకు 120 ఎల్‌ఈడీలున్న స్ట్రిప్ మేలు. వాటి మధ్య ఎడం 8 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, ఎల్‌ఈడీల ముందు కనబడే వెలుగు మచ్చలు కూడా ఇంచుమించు అంత లోతులోనే కలిసిపోతాయి. ఆ పట్టీని ఫ్రేము అంచు కప్పేయాలి. 60 ఉన్న స్ట్రిప్ వాడితే కప్పాల్సిన పట్టీ రెండింతలవుతుంది.

రంపంతో కోసిన అంచును 400, 800, 1200 నంబర్ల నీటి ఉప్పు కాగితంతో వరసగా రుద్ది మెరిపించండి. మూలలు మాత్రం గుండ్రం కానివ్వకండి, వెలుగు అక్కడే జారిపోతుంది. లేజర్‌తో కోసిన అంచు ఎలాగూ నున్నగానే వస్తుంది. దాన్ని స్పిరిట్‌తో తుడవొద్దు, సన్నటి పగుళ్లు లేస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

చుక్కల లెక్క

ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. 210 మిల్లీమీటర్లను స్ట్రిప్ వైపు నుంచి పది పట్టీలుగా విడగొట్టండి. లోపలికి వెళ్లిన వెలుగు 100 అనుకుంటే పట్టీకి 8 చొప్పున బయటికి తీద్దాం. మిగిలిన 20 ఎదుటి అంచుకు అంటించిన తెల్ల టేపుకు తగిలి వెనక్కి వస్తుంది. మొదటి పట్టీ 100లో 8 తీస్తే చాలు. రెండో దాని దగ్గరికి వచ్చేది 92, అందులో 8 తీయాలి. అయిదో పట్టీకి చేరేది 68, పదో దానికి 28. అంటే చివరి పట్టీ తన దగ్గరికొచ్చిన దాంట్లో నాలుగో వంతుకు పైగా లాగాలి. మొదటి పట్టీతో పోలిస్తే చుక్కలు ఆక్రమించే చోటు దాదాపు మూడున్నర రెట్లు ఉండాలి.

నేను మొదటిసారి చేసిన తెలివితక్కువ పని చెబుతాను. చోటు మూడున్నర రెట్లు అంటే చుక్క వెడల్పు మూడున్నర రెట్లు చేసేశాను. చివరి వరసల్లో చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముగ్గుపిండి ఒలికినట్టు తయారైంది, షీటు దండగ. వెడల్పు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుందని బడిలో చదివిందే. 2 మిల్లీమీటర్లకొక చుక్క పెట్టి, మొదటి పట్టీలో వెడల్పు 0.7 మిల్లీమీటర్లు ఉంచండి. అయిదో పట్టీకి 0.85, ఎనిమిదో దానికి 1.05, పదో దానికి 1.3 వస్తే సరి. మధ్య పట్టీలకు క్రమంగా పెంచుకుంటూ పోండి. ఇది మొదలుపెట్టడానికి లెక్క, చివరి మాట కాదు. టేపు నుంచి తిరిగొచ్చే వెలుగు వల్ల ఆఖరి పట్టీ కాస్త ఎక్కువ వెలగొచ్చు.

బిగించడం

వెనక తెల్ల షీటును ఊరికే ఆనించి ఉంచండి. గమ్‌తో అంటించారో, గమ్ తగిలిన చోటల్లా వెలుగు గాలి పొర లేక బయటికి పోతుంది, మళ్లీ స్ట్రిప్ పక్కనే వెలుగుతుంది. వేలిముద్ర, గీత పడినా అక్కడ మచ్చ తేలుతుంది. అందుకే రక్షణ కాగితం చివరి నిమిషంలో పీకండి. ముందు వైపు 2 మిల్లీమీటర్ల మిల్కీ అక్రిలిక్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంతో పెడితే చుక్కలు కనబడవు.

మన తిరుపతి మే ఎండలు తెలిసినవే, 40 డిగ్రీలు దాటతాయి. దానికి ఎల్‌ఈడీల వేడి తోడు. 297 మిల్లీమీటర్ల అక్రిలిక్ 25 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు సాగుతుంది. స్ట్రిప్ వైపు పలకను దగ్గరగా ఆనించి, ఎదుటి వైపు, పక్కల ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి. స్ట్రిప్‌ను అల్యూమినియం చానెల్‌లో అంటిస్తే వేడి లాగేస్తుంది.

ఇక కొలత. గది చీకటి చేసి, పటాన్ని మూడు వరసల్లో తొమ్మిది చోట్ల ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ యాప్‌తో చూడండి. ఫోన్ సెన్సర్ మీద నల్ల కాగితపు గొట్టం పెడితే పక్క వెలుగు కలవదు. అతి తక్కువ అంకె అతి ఎక్కువలో 80 శాతానికి తగ్గకుండా వస్తే బాగా వచ్చినట్టే. తగ్గిన పట్టీలో చుక్కల వైశాల్యం పదో వంతు పెంచి మళ్లీ చెక్కించండి. మెల్లగా తగ్గే వెలుగును కన్ను పెద్దగా పట్టించుకోదు, ఉన్నట్టుండి మారే గీతను మాత్రం వెంటనే పట్టేస్తుంది. అందుకని ఒక్క పట్టీనే మార్చి ఊరుకోకుండా, దాని పక్క పట్టీల్లోనూ కొంచెం సర్దండి.