ఇంగ్లీషు వచ్చేదాకా ఆగక్కర్లేదు: చూపు లేనివాళ్లకు తెలుగులో కంప్యూటర్

నా దగ్గరికి కంప్యూటర్ నేర్చుకోడానికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక సలహా విని ఉంటారు: "ముందు ఇంగ్లీషు నేర్చుకో, కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం." ఆ ఒక్క మాటకి ఎంతమంది ఇంటిపట్టునే ఉండిపోయారో తలుచుకుంటే బాధేస్తుంది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. మలక్‌పేటలో ఉంటాను. ఆఫీసులో పొద్దస్తమానం తెలుగు ఫైళ్లు టైప్ చేయడమే నా పని. ఆదివారాలు మా ఇంట్లోనే చుట్టుపక్కలవాళ్లకు నేర్పుతాను. తెలుగు చదవడం, రాయడం వచ్చినవాళ్లెవరైనా మొదటి రోజు నుంచే తెలుగులో మొదలుపెట్టొచ్చు. ఫైల్, ఓపెన్, సేవ్ లాంటి మెనూ మాటలు పనిలో పడితే వాటంతటవే వస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా విండోస్ కంప్యూటర్‌కీ, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌కీ సంబంధించింది. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ ఉంది, మంచిదే, కానీ ఖరీదు పెట్టి కొనాలి. కొనకుండా వాడితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, కంప్యూటర్ మళ్లీ స్టార్ట్ చేయాలి. ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు. ఆయనకూ చూపు లేదు. వాడేవాడి అవసరం తెలిసిన చెయ్యి రాసిన సాఫ్ట్‌వేర్ అని వాడుతుంటే తెలిసిపోతుంది.

ముందు కీబోర్డు

ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ కీబోర్డు మీద నేర్చుకోవడం తేలిక. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీలో గానీ, మీ దగ్గర్లోని షాపులో గానీ కొనేటప్పుడు రేటు కన్నా ముందు వేలితో తడిమి చూడండి. కుడి పక్కన అంకెల కీలు విడిగా ఉండాలి. పై వరసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే కీలు నాలుగేసి చొప్పున గుంపులుగా, మధ్యలో సందుతో ఉండాలి. సందు లేకుండా అన్నీ ఒకే వరసలో ఉంటే ఎఫ్7 ఎక్కడుందో ప్రతిసారీ లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. ఎఫ్, జె అక్షరాల మీదా, అంకెల్లో 5 మీదా చిన్న గీత లాంటి గుర్తు చేతికి తగలాలి. తగలకపోతే ఆ కీబోర్డు వద్దనండి. ఇన్సర్ట్ కీ మీద మాత్రం ఒక బొట్టు స్టిక్కర్ అంటించండి. రోజూ వందసార్లు వాడే కీ అది.

ఎన్‌వీడీఏకి ఆజ్ఞ ఇచ్చేది ఆ ఇన్సర్ట్‌తోనే. సెట్టింగుల్లో మార్చుకుంటే క్యాప్స్ లాక్ కూడా అదే పని చేస్తుంది. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు అదే అనువు.

గొంతు తెలుగుకు మార్చడం

కంప్యూటర్‌లో ఇంకా ఎన్‌వీడీఏ లేకపోతే కంట్రోల్, విండోస్ కీ, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌లోనే ఉండే నరేటర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. దాని సాయంతో ఎన్‌వీయాక్సెస్ డాట్ ఆర్గ్‌కి వెళ్లి ఎన్‌వీడీఏ డౌన్‌లోడ్ చేయండి. దాన్ని తెరిచాక షరతులు ఒప్పుకున్నట్టు టిక్ పెట్టి, ఇన్‌స్టాల్ బటన్ దాకా ట్యాబ్ కీతో వెళ్లి ఎంటర్ కొట్టండి. అక్కడ సైన్ ఇన్ అయ్యే చోట కూడా మాట్లాడమంటారా అని ఒక టిక్ బాక్సు వస్తుంది. దాన్ని తీసేయకండి, లేకపోతే పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మౌనంగా ఉంటుంది. ఇకనుంచి కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ వస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎన్‌వీడీఏ మొదట విండోస్‌లో ఉన్న ఇంగ్లీషు గొంతుతో మాట్లాడుతుంది. తెలుగు పేజీ తెరిస్తే చదవదు, దాంతో తెలుగు రాదేమో అనుకుంటారు. తెలుగు అందులోనే ఉంది. ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే సింథసైజర్ల (అక్షరాలకు గొంతు ఇచ్చే సాఫ్ట్‌వేర్ల) జాబితా వస్తుంది. బాణం కీలతో ఈస్పీక్ ఎన్‌జీ ఎంచుకుని ఎంటర్ కొట్టండి. తర్వాత ఇన్సర్ట్, కంట్రోల్, వి నొక్కితే మాటకు సంబంధించిన సెట్టింగులు తెరుచుకుంటాయి. వాయిస్ అనే జాబితాలోకి వెళ్లి, తెలుగు అని వినిపించేదాకా టి అక్షరం నొక్కుతూ పోండి. తమిళం, థాయ్ లాంటివీ తగులుతాయి, కంగారు పడొద్దు. ఓకే చెప్పాక ఇన్సర్ట్, కంట్రోల్, సి నొక్కి సేవ్ చేసుకోండి.

ఆ గొంతు మనిషి గొంతులా ఉండదు. ముక్కుతో పలికినట్టు, ఒత్తులు నలిగినట్టు వినిపిస్తుంది. మొదటిరోజే "ఇదేం గొంతు" అని మొహం చిట్లించినవాళ్లను నేను చూశాను. కాస్త ఓపిక పట్టమంటాను. కీ నొక్కగానే తడుముకోకుండా పలకడం దాని గొప్పతనం. టైప్ చేసేటప్పుడు ఆ వేగమే కావాలి, తీయదనం కాదు. వేగం బాగా తగ్గించి పెట్టుకోండి. ఇన్సర్ట్, కంట్రోల్ పట్టుకుని కుడి, ఎడమ బాణాలతో రేట్ దగ్గరికి వెళ్లి, కింది బాణంతో తగ్గించొచ్చు. చెవికి అలవాటైన కొద్దీ మీరే పెంచుకుంటారు. నేను వినే వేగం మా ఇంట్లోవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు.

కొన్నాళ్లకు ఇంగ్లీషుకో గొంతు, తెలుగుకో గొంతు కావాలనిపిస్తుంది. అప్పుడు ఇన్సర్ట్, కంట్రోల్, పి నొక్కి, తెలుగు కోసం ఒక ప్రొఫైల్ (విడిగా దాచుకునే సెట్టింగులు) చేసుకోండి. ఎన్‌వీడీఏ మెనూలో ఇన్‌పుట్ జెశ్చర్స్ అనే చోట ఆ ప్రొఫైల్‌కి ఖాళీగా ఉన్న ఒక కీ ఇచ్చేస్తే, ఒక్క నొక్కుతో గొంతు మారుతుంది.

పప్పుతో మొదలు

ఇన్సర్ట్, 1 కలిపి నొక్కితే ఏ కీ నొక్కినా దాని పేరు చెబుతుంది తప్ప పని చేయదు. పాడవుతుందేమోనన్న టెన్షన్ లేకుండా కీబోర్డంతా తడుముకోవచ్చు. మళ్లీ అదే నొక్కితే మామూలుగా అవుతుంది. మాట ఆపాలంటే కంట్రోల్ ఒక్కటి చాలు. ఈ రెండూ చేతికి వచ్చేదాకా నేను ముందుకు పోనివ్వను.

తెలుగు టైపింగుకి విండోస్ సెట్టింగుల్లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు భాష కలపాలి. కీబోర్డుల్లో ఫొనెటిక్, ఇన్‌స్క్రిప్ట్ అని రెండు దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకోండి. ఫొనెటిక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు మాటల జాబితా వస్తుంది, అందులోంచి ఏరుకోవాలి. కళ్లతో అయితే చిటికెలో పని, చెవులతో ప్రతి మాటకూ ఆగి వినాల్సి వస్తుంది. పైగా ఇంగ్లీషు స్పెల్లింగు అలవాటు ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్ అట్లా కాదు, 1986లో తెలుగు, హిందీ లాంటి భారతీయ భాషలకు కలిపి ప్రభుత్వం ఖరారు చేసిన అమరిక. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఇది నేర్చుకుంటే హిందీ కూడా అవే వేళ్లతో వస్తుంది.

షుగర్‌తో చూపు పోయిన కిరాణా కొట్టు అన్న ఒకాయన మా వీధిలో ఉన్నాడు. "ఇంగ్లీషు రాదు చెల్లె, ఇది నాతోని కాదు" అన్నాడు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కించి తెలుగుకు మార్చాను. నోట్‌ప్యాడ్ తెరిచి, "పప్పు అని కొట్టు అన్నా" అన్నాను. హెచ్ మీద ప ఉంటుంది. డి మీద ఒత్తు తెచ్చే పొల్లు, జి మీద కొమ్ము. హెచ్, హెచ్, డి, హెచ్, జి, తర్వాత స్పేస్. "పప్పు" అని పలికింది. ఆయన తల ఎత్తలేదు, మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత ఉప్పు, చక్కెర. ఆ పూట కొట్టులోకి కావాల్సిన సరుకుల చిట్టీ మొత్తం ఆయనే కొట్టుకున్నాడు. ఇంగ్లీషు ప్రస్తావనే రాలేదు.

ఇన్సర్ట్, 2 నొక్కితే కొట్టిన ప్రతి అక్షరం, ఇన్సర్ట్, 3 నొక్కితే కొట్టిన ప్రతి మాట వినిపించేలా మార్చుకోవచ్చు. మొదట్లో రెండూ ఉండనివ్వండి. చేయి తిరిగాక అక్షరాలు ఆపేసి మాటలు మాత్రం ఉంచుకోండి. చెరిపేటప్పుడు ఒకటి గమనించాలి: బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే అక్షరం మొత్తం పోదు. పప్పులో ముందు కొమ్ము పోతుంది, తర్వాత ప, ఆ తర్వాత పొల్లు. అందుకని తప్పు దొర్లితే సగం చెరిపి వదిలేయకుండా, మాట మొత్తం చెరిపి కొత్తగా కొట్టమంటాను. సందేహం వస్తే నమ్ లాక్ ఆఫ్ చేసి అంకెల కీల్లో 5 నొక్కండి, కర్సర్ ఉన్న మాట చదువుతుంది. రెండుసార్లు గబగబా నొక్కితే అక్షరం అక్షరం విడదీసి చెబుతుంది. ఇదే మన ప్రూఫ్ రీడింగ్.

వెబ్‌సైటులో తిరగడం

తెలుగు వికీపీడియాతో మొదలుపెట్టించడం నా అలవాటు. 2003 నుంచి ఉంది, ప్రకటనల గోల ఉండదు, శీర్షికలు పద్ధతిగా ఉంటాయి. పైగా ఆ పేజీ తెలుగుదని లోపల రాసి ఉంటుంది కాబట్టి ఈస్పీక్‌లో ఇంగ్లీషు గొంతు పెట్టి ఉన్నా తెలుగులోకి దానంతటదే మారుతుంది. హైదరాబాదు వ్యాసం తెరిచి హెచ్ నొక్కుతూ పోండి, ఒక్కో శీర్షిక మీద ఆగుతుంది. నచ్చిన చోట ఇన్సర్ట్, కింది బాణం నొక్కితే అక్కడి నుంచి చదువుకుంటూ పోతుంది. లింకులకు కె, బటన్లకు బి, రాసే పెట్టెలకు ఇ. ఇన్సర్ట్, ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులూ శీర్షికలూ వేటికవి జాబితాలుగా వస్తాయి. పెట్టెలో టైప్ చేస్తుంటే అక్షరాలు పడకుండా కర్సర్ ఎక్కడికో దూకుతోందంటే అది ఇంకా చదివే పద్ధతిలోనే ఉందని అర్థం. ఇన్సర్ట్, స్పేస్ నొక్కండి.

అను ఫాంట్ల గోడ

ఇన్ని చేశాక కూడా తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర స్నేహితులు ఇచ్చిన మెటీరియల్ పట్టుకొస్తారు. పీడీఎఫ్ తెరిస్తే ఎన్‌వీడీఏ ఏవేవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా చదువుతుంది. కళ్లున్నవాళ్లకు అది చక్కటి తెలుగే. కారణం అను ఫాంట్లు. మన డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో పాటు ఏళ్ల తరబడి వాడుతున్నది వాటినే. వాటిలో లోపల ఉండేది రోమన్ అక్షరాల సంకేతాలు, పైకి తెలుగు ఆకారం తొడిగారు, అంతే. స్క్రీన్ రీడర్ ఆకారం చూడదు, లోపలున్న సంకేతాన్నే చదువుతుంది.

కాబట్టి ఏ పీడీఎఫ్ వచ్చినా ముందు ఒక పరీక్ష పెట్టండి. కంట్రోల్, ఎ నొక్కి, కంట్రోల్, సి నొక్కి, నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్, వి నొక్కండి. తెలుగు వినిపిస్తే యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు అక్షరాల సంకేతాలే ఉన్నట్టు, హాయిగా చదువుకోవచ్చు. గోల వినిపిస్తే అను లాంటి పాత ఫాంటు. ఏమీ రాకపోతే అది పేజీల ఫోటో.

అను అయితే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ పీడీఎఫ్ నుంచి తీసిన పాఠానికి ఒత్తులు అటూ ఇటూ అవుతుంటాయి. నేనైతే అనూకైనా ఫోటోకైనా ఒకే దారి పడతాను: ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, అప్లికేషన్స్ కీ (మౌస్ కుడి క్లిక్ మెనూ తెచ్చే కీ) నొక్కి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకోవడం. బొమ్మలోని తెలుగు అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా ఇస్తుంది. పెద్ద పుస్తకాన్ని ఒక్కసారే పెట్టకుండా కొద్ది పేజీల ముక్కలుగా చేయండి. రెండు కాలమ్‌ల పేజీ అయితే వరసలు కలిసిపోతాయి, కాలమ్‌కో ఫోటో తీయించుకోండి. ఎన్‌వీడీఏలోనే ఇన్సర్ట్, ఆర్ నొక్కితే విండోస్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే పని) వస్తుంది గానీ, అది ఇంగ్లీషుకు పనికొస్తుంది, తెలుగుకు కాదు.

పుస్తకం స్కాన్ చేసి ఇవ్వడానికి కాపీరైట్ భయంతో వెనకాడేవాళ్లకు ఒక మాట చెప్పండి. మనం చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోడానికి 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టమే అనుమతి ఇస్తోంది. ఇప్పటికే మార్చి పెట్టిన పుస్తకాల కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఉంది. ఆన్‌లైన్ లైబ్రరీ, తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. సభ్యత్వానికి వైకల్య ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి.

ఇక ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే: సర్క్యులర్‌ను యూనికోడ్‌లో టైప్ చేసి, ఆ ఫైలునే పంపండి. ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి గ్రూపులో పడేస్తే అందులో ఏముందో నాకు ఎవరో ఒకరు చదివి పెట్టాలి. నా సెలవు సంగతి నేను పక్క సీటువాళ్ల నోటివెంట తెలుసుకోవాలా? సంతకం ఉన్న కాపీ కావాలంటే రెండూ పంపండి. సమాచారం మాకూ అందే రూపంలో ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చెబుతోంది.

ఇంట్లోవాళ్లకు

పక్కన కూర్చుని నేర్పే కూతురో కొడుకో ఉంటే మంచిదే, మౌస్ మాత్రం ముట్టుకోవద్దు. "అక్కడ నొక్కు నాన్నా", "పైన కుడిపక్కన ఉంది చూడు" అంటే ఉపయోగం లేదు. బటన్ పేరు చెప్పండి, దాన్ని ఆయనే వెతుక్కుంటాడు. గొంతు వేగం మీకు అందకపోతే ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్ కింద స్పీచ్ వ్యూయర్ తెరవండి, అది పలికేదంతా తెర మీద అక్షరాల్లో కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు బయటికి చెప్పదు, స్టార్ అనే అంటుంది. బ్యాంకు పని చేసుకునేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకోనివ్వండి, గదిలోంచి లేచి వెళ్లండి.

ఉన్నట్టుండి గొంతు ఆగిపోతే ముందు ఇన్సర్ట్, ఎస్ నొక్కి చూడండి, పొరపాటున మాట ఆఫ్ అయి ఉండొచ్చు. అప్పటికీ పలకకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ నొక్కితే ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవుతుంది. అదీ కాకపోతే కంట్రోల్, విండోస్, ఎంటర్‌తో నరేటర్‌ను పిలవండి. నరేటర్ కూడా మాట్లాడకపోతే తేడా సౌండ్‌లోనే ఉన్నట్టు, హెడ్‌ఫోన్ పిన్ను తీసి మళ్లీ పెట్టండి.