టీమ్‌లో జోహారీ విండో పెట్టే ముందు జాగ్రత్తలు

మనకు తెలియకుండా తోటివాళ్లకు మనలో కనిపించేదేమిటో చూపే పద్ధతి ఇది. 1955లో జోసెఫ్ లఫ్ట్, హ్యారింగ్టన్ ఇంగమ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించారు. 56 విశేషణాల్లోంచి మనకు సరిపోయేవి ఐదారు మనం ఎంచుకుంటాం, మన గురించి మిగతావాళ్లూ ఎంచుతారు. వాళ్లు గుర్తించి మనం గుర్తించనివి ‘బ్లైండ్ స్పాట్’ గడిలో పడతాయి.

☐ అప్రైజల్ నెలలో వద్దు. జీతం పెంపు తేలాల్సిన సమయంలో ఎవరూ మనసులో మాట రాయరు. రాసింది హెచ్‌ఆర్‌కు వెళ్లదని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి.

☐ మొదట మేనేజర్ గురించి అందరూ రాసిన షీట్‌నే చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మన ఆఫీసుల్లో సార్ ముందు, మేడమ్ ముందు నోరు విప్పడం చిన్నవాళ్లకు చాలా కష్టం. తన గురించి విన్నది ఆయన ప్రశాంతంగా రాసుకోవడం కళ్లారా చూస్తేనే వాళ్లకు ధైర్యం వస్తుంది.

☐ ముగ్గురే ఉన్న టీమ్‌లో పేర్లు దాచినా చేతిరాత, మాటతీరు పట్టిస్తాయి. అక్కడ పేర్లతోనే చేయండి.

☐ అసలు జాబితాలో ఉన్నవి చాలావరకు మంచి గుణాలే. లోపాలు కూడా చెప్పుకోవాలనుకుంటే స్వభావం మీద తీర్పు వద్దు. “నీకు ఓపిక లేదు” అనకండి, “నిన్నటి రివ్యూలో నేను మాట్లాడుతుంటే రెండుసార్లు ఆపేశావు” అనండి.

☐ యాస, కులం, ఒళ్లు, పెళ్లి ప్రస్తావనలు పూర్తిగా నిషిద్ధం.

☐ వినేవాళ్లు వెంటనే సంజాయిషీ ఇవ్వకూడదు. ఒక ఉదాహరణ అడగొచ్చు, అంతే.

☐ నిన్నమొన్న చేరినవాళ్లను ఈసారికి వదిలేయండి.