థండర్‌బర్డ్ మెయిళ్లను కొత్త డిస్క్‌లోకి మార్చేటప్పుడు

హనుమకొండలో నా దగ్గరికి బాగుచేయడానికి వచ్చే కంప్యూటర్లలో ఎనుమాముల మార్కెట్ ఆడ్తి దుకాణాలవి, వకీళ్ల ఆఫీసులవి ఎక్కువ. "డిస్క్ స్లో అయింది, ఎస్‌ఎస్‌డీ వెయ్యి తమ్మీ, కాని మిల్లోళ్ల మెయిళ్లు ఒక్కటి కూడా పోవద్దు" అంటారు. ఆ మాట న్యాయమైనదే. పత్తి రేటు ఒప్పుకున్న ఉత్తరం, లారీ బిల్లు, అన్నీ వాళ్లు మెయిళ్లు చూసుకునే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి.

ముందు మీ అకౌంట్ ఏ రకమో చూసుకోండి. ఐమ్యాప్ అయితే మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, కొత్త డిస్క్‌లో అకౌంట్ కలిపితే మళ్లీ దిగుతాయి. పాప్ అయితే, సర్వర్‌లో ఉంచమని టిక్ పెట్టి ఉంటే తప్ప, దిగిన మెయిల్‌కు మీ డిస్క్‌లో ఉన్నదే ఏకైక కాపీ. మీ కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లోకి జరిపిన మెయిళ్లదీ ఇదే సంగతి. మన దుకాణాల్లో పదేళ్ల కింద పెట్టిన అకౌంట్లు చాలావరకు పాప్‌వే. అందుకే విండోస్ కొత్తగా ఎక్కించే ముందే ప్రొఫైల్ ఫోల్డర్‌ను, అంటే థండర్‌బర్డ్ మీ మెయిళ్లు, సెట్టింగ్స్ దాచుకునే ఫోల్డర్‌ను, బయటికి తీయాలి.

అది ఎక్కడుందో థండర్‌బర్డే చూపిస్తుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఉన్న బటన్ నొక్కండి. విండోస్ లేవకపోతే పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి యూజర్స్, మీ యూజర్ పేరు, యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్ వరుసలో వెళ్లండి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తేనే కనబడుతుంది. పర్మిషన్ లేదని అడ్డుకుంటే కంటిన్యూ కొట్టండి. లోకల్ అనే ఫోల్డర్ కింద కూడా థండర్‌బర్డ్ పేరు ఉంటుంది. అక్కడ ఉండేది క్యాష్, అంటే తాత్కాలిక ఫైళ్లు మాత్రమే, దాన్ని వదిలేయండి.

ప్రొఫైల్స్‌లో ఒక్కోసారి రెండు ఫోల్డర్లు ఉంటాయి. రెంటి పేర్లూ ఎనిమిది అర్థం లేని అక్షరాలతో మొదలవుతాయి. చివర ఒకదానికి డిఫాల్ట్ అని, ఇంకోదానికి డిఫాల్ట్-రిలీజ్ అని ఉంటుంది. పేరు చూసి నిర్ణయించకండి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. అసలుది జీబీల్లో ఉంటే ఖాళీది కొన్ని ఎంబీలే ఉంటుంది. లోపల మెయిల్ ఫోల్డర్‌లో మీ మెయిల్ సర్వర్ పేరున్న ఫోల్డర్ తెరిస్తే ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపిస్తాయి. ఎక్స్‌టెన్షన్ లేని పెద్దదానిలోనే మీ ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చివర ఎంఎస్‌ఎఫ్ ఉన్న చిన్నది దాని సూచిక మాత్రమే. అది పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారుచేసుకుంటుంది, పెద్దది పోతే మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

కాపీకి ముందు ఫైల్ మెనూలో కాంపాక్ట్ ఫోల్డర్స్ కొట్టండి. మీరు డిలీట్ చేసిన మెయిళ్లు అప్పటిదాకా ఆ ఫైల్‌లో చోటు పట్టుకునే ఉంటాయి. ఆ తర్వాత థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేయండి, టాస్క్ మేనేజర్‌లో కూడా కనిపించకూడదు. తెరిచి ఉండగా చేసిన కాపీని నేను నమ్మను. ఫోల్డర్ మొత్తాన్నీ కాపీ చేయండి. పాస్‌వర్డ్‌లు లాగిన్స్, కీ4 అనే రెండు ఫైళ్లలో జంటగా ఉంటాయి, ఒకటి తప్పినా ఇంకోటి పనికిరాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, సేటుల ఇన్‌బాక్స్‌లేమో తేలిగ్గా దాటుతాయి. ఎక్స్‌ఫ్యాట్ గాని ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని వాడండి.

ఇంకొక్కటి చూడాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ కింద లోకల్ డైరెక్టరీ ఉంటుంది. ఎవరో వెనకట మెయిళ్లను డీ డ్రైవ్‌లోకి మార్చి ఉంటే అవి ప్రొఫైల్‌లో ఉండవు. ఆ ఫోల్డర్‌ను విడిగా తీసుకోవాలి.

కొత్త డిస్క్‌లో పాతదానికి సమానమైన వెర్షన్‌నో, అంతకన్నా కొత్తదాన్నో ఎక్కించండి. పాత వెర్షన్ అయితే ఆ ప్రొఫైల్‌ను తెరవడానికి ఒప్పుకోదు. కాపీ చేసిన ఫోల్డర్‌ను దానికంటూ పెట్టిన చోట ఉంచి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్‌ఈ, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, పెద్ద పీ అక్షరం టైప్ చేయండి. ప్రొఫైల్ మేనేజర్ వస్తుంది. క్రియేట్ ప్రొఫైల్ నొక్కి, చూజ్ ఫోల్డర్‌తో ఆ ఫోల్డర్‌నే చూపించండి. డ్రైవ్ మొత్తాన్ని ఎప్పుడూ చూపించకండి. తర్వాత ఎవరైనా ఆ ప్రొఫైల్‌ను తీసేస్తూ డిలీట్ ఫైల్స్ కొడితే అక్కడున్నదంతా పోతుంది. డోంట్ డిలీట్ ఫైల్స్ అనేదే ఎప్పుడైనా క్షేమం.

తెరిచాక అన్నిటికన్నా పాత మెయిల్‌ను, అటాచ్‌మెంట్ ఉన్న ఒకదాన్ని, అడ్రస్ బుక్‌ను చూడండి. ఒక మెయిల్ పంపండి, ఒకటి తెప్పించుకోండి. జీమెయిల్ అకౌంట్ మళ్లీ సైన్ ఇన్ అడిగితే భయపడకండి, అది మామూలే. పాత డిస్క్‌ను మాత్రం ఆ సీజన్ లెక్కలు తేలేదాకా ఫార్మాట్ చేయకండి, మీద పేరు రాసి బీరువాలో పెట్టుకోండి.