మొదటిసారి కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్: మన డెల్టా ఎండలకు తగ్గట్టు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

వాటర్ కూలింగ్ అనగానే చాలామంది ముందు చూసేది బ్లాకుల (చిప్పు మీద బిగించే, లోపల నీళ్లు పారే లోహపు దిమ్మెల) మెరుపు, గొట్టాల్లో నీటి రంగు. గోదావరి జిల్లాల్లో ఉండేవాళ్లు మాత్రం వాటికంటే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మీ గదిలో వేడి ఎంత?

ఎందుకంటే చిప్పు దగ్గర పుట్టిన వేడిని నీళ్లు రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. అక్కడి నుంచి ఆ వేడిని తీసుకోవాల్సింది గదిలో గాలే. గది 37 డిగ్రీలు ఉంటే లూప్‌లో, అంటే నీళ్లు తిరిగే ఆ చుట్టులో, నీళ్లు 37 కంటే కిందికి ఎప్పటికీ దిగవు. చల్లటి ఊళ్లో కూర్చుని ఎవరో చేసిన వీడియో చూసి, అందులో చెప్పిన రేడియేటరే కొంటే రాజమండ్రిలో అదే ఫలితం రాదు. రేడియేటర్ సైజు, ఫ్యాన్లు, చివరికి గొట్టం రకం కూడా ఈ ఒక్క అంకెను బట్టే తేలుతాయి.

ముందు గదిని కొలవండి

తేమ కూడా చూపించే చిన్న డిజిటల్ థర్మామీటరు కొని, గోడకు కాకుండా క్యాబినెట్ పెట్టే చోటే, నేల దగ్గర పెట్టండి. టేబుల్ కింద మూలలో గాలి కదలదు కాబట్టి అక్కడ వేడి గది మధ్యలో కంటే ఎక్కువే ఉంటుంది. ఏసీ రాత్రిపూట మాత్రమే వేసుకునే ఇల్లయితే లెక్కకు పగటి అంకెనే తీసుకోవాలి.

వాటర్ కూలింగ్ పెట్టినంత మాత్రాన గదిలోకి వచ్చే వేడి తగ్గదు. 450 వాట్లు తీసుకునే కంప్యూటర్ ఎలా చల్లబరిచినా ఆ 450 వాట్ల వేడినీ గదిలోకే వదులుతుంది. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే అందులో ఎనిమిదో వంతు మీ కంప్యూటర్‌కే పోతుంది. నీళ్లు పోసే ఎయిర్ కూలర్ మీద ఆశ పెట్టుకోవద్దు. మన గాలిలో తేమ ముందే ఎక్కువ, ఇక అది చల్లబరిచేది ఎంత? పైగా ఆ తడి గాలిని క్యాబినెట్ మీదికి తోలడం బోర్డులకు మంచిది కాదు.

తేమ గురించి చాలామందికి ఇంకో టెన్షన్ ఉంటుంది, గొట్టాలకు చెమట పట్టి నీళ్లు కారుతాయేమోనని. మామూలు లూప్ గది వేడి కంటే కిందికి వెళ్లదు కాబట్టి, నడుస్తున్నంతసేపూ చెమట పట్టదు. జాగ్రత్త పడాల్సిన సందర్భం ఒకటుంది. రాత్రంతా ఏసీ 20లో పెట్టి, పొద్దున్నే కిటికీలు బార్లా తెరిస్తే బయటి ఉక్క గాలి చల్లటి ఇనుము మీద నీరుగా దిగుతుంది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లద్దాలు మసకబారేది ఇందుకే. అలాంటప్పుడు ఓ అరగంట ఆగి కంప్యూటర్ ఆన్ చేయండి.

అసలు మీకు కావాలా?

65 వాట్ల రైజెన్ 5 లాంటి ప్రాసెసర్ ఉండి, ఆఫీసు పని, కాస్త గేమింగ్ చేసుకునేవాళ్లకు ప్రాసెసర్ మీద బిగించే, ఫ్యాన్ ఉన్న మంచి ఎయిర్ కూలర్ చాలు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం మేలు. గంటల తరబడి ప్రాసెసర్ నూరు శాతం నడిచే పని, అంటే పెళ్లి వీడియోల ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్ లాంటివి ఉన్నవాళ్లకు వాటర్ కూలింగ్ వల్ల నిజంగా ఉపయోగం ఉంటుంది. అందులోనూ ప్రాసెసర్ ఒక్కదానికే అయితే అన్నీ కలిపి సీలు చేసి వచ్చే ఏఐఓ (ఆల్-ఇన్-వన్) సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డునూ కలపాలన్నా, పాడైన భాగాన్ని విడిగా మార్చుకునే వీలుండాలన్నా భాగాలు విడివిడిగా కొని కట్టుకునే కస్టమ్ లూప్‌కి వెళ్లాలి. దాని ఖర్చు ఏఐఓకి కొన్ని రెట్లు ఉంటుంది.

కొనే ముందు ఒక పని చేసి చూడండి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) ప్రాసెసర్ పవర్ లిమిట్ తగ్గించండి. ఐ7-14700కే గరిష్ఠంగా 253 వాట్ల దాకా తీసుకుంటుంది. దాన్ని 180 దగ్గర కట్టేస్తే వేడి బాగా తగ్గుతుంది, వేగం తగ్గేది కొద్దిగానే. కొందరి సమస్య పైసా ఖర్చు లేకుండా ఇక్కడే తీరిపోతుంది.

రేడియేటర్ లెక్క

చల్లబరచాల్సిన భాగాల వాట్లు కూడండి. ఐ7-14700కే 253, ఆర్‌టీఎక్స్ 4070 కార్డు 200, మొత్తం 453. ప్రతి 100 వాట్లకు ఒక 120 ఎం.ఎం. ఫ్యాన్ పట్టేంత రేడియేటర్ అన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. దీని ప్రకారం అయిదు ఫ్యాన్ల జాగా కావాలి, అంటే మూడు ఫ్యాన్లు పట్టే 360 ఒకటి, రెండు ఫ్యాన్లు పట్టే 240 ఒకటి. ప్రాసెసర్ ఒక్కటే అయితే 360 చాలు.

ఇలా పెట్టుకుంటే, ఫ్యాన్లు మరీ రొద చేయకుండా నీళ్లు గది కంటే దాదాపు 10 డిగ్రీలు పైన నిలబడతాయి. గది 37 అయితే నీళ్లు 47. పూర్తి లోడులో అలాంటి ప్రాసెసర్ నీటి కంటే మరో 35-40 డిగ్రీలు పైన ఉంటుంది. అంటే 80ల్లో. 100 దగ్గర అది తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది కాబట్టి మనకు కాస్త ఊపిరి ఉన్నట్టే. అదే ఒక్క 240తో సరిపెడితే ఆ కాస్తా పోతుంది. బడ్జెట్ తక్కువైతే ఖరీదైన బ్లాకు మానేసి రేడియేటర్ ఒక సైజు పెద్దది తీసుకోండి.

క్యాబినెట్ కొలతలు టేపుతో మీరే తీసుకోవాలి. 360 రేడియేటర్ పొడవు 360 ఉండదు, చివర ట్యాంకులతో కలిపి 400 ఎం.ఎం.కు దగ్గరగా వస్తుంది. మందం 30, దానికి ఫ్యాన్ 25, అంటే 55. పైకప్పు కింద పెడితే ఎత్తయిన ర్యామ్‌కు తగులుతుందేమో చూడాలి. రెండు రేడియేటర్లు ఉంటే కనీసం ఒకదానికైనా బయటి గాలి నేరుగా అందాలి. అన్నీ కాగితం మీద గీసి, గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరుగుతుందో బాణాలు వేయండి. ఈ కాగితం చూస్తూనే ఫిట్టింగులు (గొట్టాన్ని భాగాలకు బిగించే జాయింట్లు) ఎన్ని కావాలో లెక్క తేలుతుంది.

నీళ్లు ఏ భాగంలోకి ముందు, ఏ భాగంలోకి తర్వాత వెళ్లాలన్నదాని మీద పెద్ద పెద్ద వాదాలు జరుగుతుంటాయి. కాలువ నీళ్లయితే ఎగువవాళ్లు వాడుకున్నాక శివారు చేలకు అందకపోవచ్చు. లూప్‌లో ఆ బాధ లేదు, అన్ని భాగాల గుండా అవే నీళ్లు అంతే వేగంతో పోతాయి. నిమిషానికి ఒక లీటరు పారితే, ఆ నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 70 వాట్లు కావాలి. నాలుగు లీటర్లు పారుతున్న లూప్‌లో 453 వాట్లూ కలిసి పెంచేది 1.6 డిగ్రీలు. కాబట్టి గొట్టాలు ఎలా సులువుగా వస్తే అలా వేసుకోండి. తప్పనిసరి అయినది ఒక్కటే. రిజర్వాయర్ (నీళ్లు నింపే చిన్న ట్యాంకు) నుంచి నీళ్లు వాటంతట అవే పంపులోకి దిగేలా ఉండాలి.

ఏవి కొనాలి, ఏవి వద్దు

పంపుకి డీ5 రకం తీసుకుంటే చాలు. రిజర్వాయర్‌తో కలిసి వచ్చేదయితే ఒక జాయింటు తగ్గుతుంది. రేడియేటర్ రాగిదేనా అని తప్పకుండా చూడండి. రాగి, ఇత్తడి, నికెల్ కలిసి ఉండొచ్చు. వాటితో అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. చవగ్గా దొరికే రేడియేటర్లు చాలావరకు అల్యూమినియంవే. గ్రాఫిక్స్ కార్డు బ్లాకు కొనేటప్పుడు చిప్పు పేరు చూసి కొనకూడదు. కార్డు ఏ కంపెనీది, ఏ మోడల్ అన్నది అచ్చంగా కలవాలి.

గొట్టాల విషయంలో నా మాట ఖచ్చితం. మొదటి లూప్‌కి మెత్తటి గొట్టమే వేయండి. గట్టి గొట్టాలు ఫోటోలో అందంగా ఉంటాయి కానీ కాల్చి వంచడం నేర్చుకోవాలి, ఒక్క భాగం మార్చాలంటే అన్నీ విప్పాలి. పైగా పెట్‌జీ అనే ప్లాస్టిక్ గొట్టాలు వేడికి మెత్తబడతాయి, మన నీళ్లు వేసవిలో 50కి దగ్గరగా తిరుగుతాయి. ఈపీడీఎం అనే నల్ల రబ్బరు గొట్టం చూడ్డానికి సాదాగా ఉన్నా ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఫిట్టింగులన్నీ జీ 1/4 అనే కొలత మర ఉన్నవే. గొట్టం లోపలి, బయటి కొలతలు రెండూ ఫిట్టింగ్‌తో కలవాలి. 10/16 గొట్టానికి 10/13 ఫిట్టింగ్ పనికిరాదు. ఈ సామాను మన ఊళ్లలోని కంప్యూటర్ షాపుల్లో దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లోనో, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలోనో చూడాలి. ఒక్క ఫిట్టింగ్ తక్కువైతే పని వారం ఆగుతుంది కాబట్టి రెండు ఎక్కువ తెప్పించండి, ఓ-రింగులు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగులు) కూడా. లూప్‌లో అన్నిటికంటే కింద ఉండే చోట డ్రెయిన్ వాల్వు ఒకటి ఇప్పుడే ప్లాన్‌లో పెట్టుకోండి.

ఏ నీళ్లు పోయాలి?

బోరు నీళ్లు, కాలువ నీళ్లు, ఇంటికొచ్చే క్యాన్ నీళ్లు, ఏవీ వద్దు. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు భూగర్భ జలంలో ఉప్పు ఎంతో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆర్‌ఓ ప్లాంటు నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. తాగడానికి అవి మంచివే, రాగికి కాదు.

కంపెనీ తయారు చేసిన, రంగు లేని కూలెంట్ పోయడం సులువైన దారి. లేదంటే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, అందులో తుప్పు పట్టనివ్వని మందు, నాచు పట్టనివ్వని మందు చెప్పిన కొలతలో కలపాలి. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ పనికొస్తుంది కానీ సీలు ఉన్న క్యానే తీసుకోండి, బ్యాటరీ యాసిడ్ క్యాన్ కాదని లేబుల్ చదివి నిర్ధారించుకోండి. ఆపైన టీడీఎస్ మీటరు ముంచి చూడండి. మంచి డిస్టిల్డ్ వాటర్ సున్నానో, ఒకటో రెండో చూపిస్తుంది. పదులు చూపిస్తే వెనక్కిచ్చేయండి. మీటరు కొనక్కర్లేదు, ఏ వాటర్ ప్లాంటు కుర్రాడి దగ్గరైనా ఉంటుంది. ముత్యంలా మెరిసే రంగు ద్రవాల జోలికి పోవద్దు, వాటిలోని పొడి బ్లాకు లోపలి సన్న గాడుల్లో పేరుకుంటుంది.

లూప్‌లో పట్టేది లీటరుకు అటూ ఇటూగా. అయినా అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, ఎందుకంటే కొత్త రేడియేటర్‌ను ముందు కడగాలి. లోపల టంకం మైనం, చిన్న చిన్న ముక్కలు ఉంటాయి. వేడి నీళ్లు పోసి, రెండు రంధ్రాలూ మూసి బాగా ఊపి పారబోయాలి. పారబోసిన నీళ్లలో మడ్డి ఏమీ కనబడకుండా పోయేదాకా ఇదే పని. ఆఖరి రెండు సార్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి.

బిగించడం, లీకు పరీక్ష

ప్లంబింగ్ అలవాటుతో మరకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఇక్కడ నీటిని ఆపేది మర కాదు, కింద ఉండే సన్నటి నల్ల ఓ-రింగు. చేత్తో తిప్పుతుంటే మొదట వదులుగా తిరిగి, రింగు ఆనగానే కాస్త బిగుతు తగులుతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం తిప్పితే చాలు, పానా అవసరం లేదు. బిగించాక టార్చి వేసి చుట్టూ చూడండి. రింగు అంతా లోపలికి సమానంగా కూర్చోవాలి. ఒకవైపు నల్లగా బయటికి తొంగిచూస్తుంటే అది నలిగినట్టే, విప్పి మళ్లీ బిగించాలి. గొట్టాన్ని నిటారుగా కోసి, ఫిట్టింగ్ అడుగు తగిలేదాకా నెట్టి, ఆ తర్వాతే పై మూత బిగించండి.

ఇప్పుడు పరీక్ష. పంపుకు తప్ప దేనికీ కరెంటు వెళ్లకూడదు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల ప్లగ్గు, ప్రాసెసర్ ప్లగ్గు, గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గు అన్నీ పీకి, 24 పిన్నుల దానికి జంపర్ బ్రిడ్జి పెడితే పవర్ సప్లై ఒక్కటే ఆన్ అవుతుంది. ప్రతి జాయింటు కిందా తెల్ల టిష్యూ పరవండి. రిజర్వాయర్ నింపి పంపు క్షణాల పాటు వేసి ఆపండి, నీటిమట్టం పడిపోగానే మళ్లీ నింపండి. పంపు ఒట్టిగా తిరగకూడదు. నీళ్లే దానికి కందెన. గొట్టాలు నిండాక క్యాబినెట్‌ను నెమ్మదిగా అటూ ఇటూ వంచితే రేడియేటర్ మూలల్లో ఇరుక్కున్న గాలి బుడబుడమంటూ బయటికొస్తుంది.

అలా ఒక పగలూ రాత్రీ నడవనివ్వండి. వానాకాలంలో మన ఇళ్లలో టిష్యూ ఊరికే మెత్తబడుతుంది, ముట్టుకుని తడి అనుకోవద్దు. లీకు ఉంటే గుండ్రంగా, అంచు తెలిసేలా మరక పడుతుంది. ఒకవేళ నీళ్లు కారినా, కరెంటు లేని బోర్డు కాబట్టి బాగా ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

నడిపించడం, చూసుకోవడం

లూప్‌లో నీటి వేడి చెప్పే సెన్సర్ ఒకటి పెట్టి, ఫ్యాన్ల వేగాన్ని దానికి ముడిపెట్టండి. ప్రాసెసర్ వేడికి ముడిపెడితే క్షణక్షణం ఫ్యాన్లు లేస్తూ పడుతూ విసిగిస్తాయి. మామూలు డీ5 పంపుకు హద్దు 60 డిగ్రీలు. నీళ్లు 55 దాటితే కంప్యూటర్ దానంతట అది ఆగిపోయేలా పెట్టుకోవచ్చు.

కరెంటు పోతే లూప్‌కి నష్టమేమీ లేదు, అన్నీ కలిసే ఆగుతాయి. మీ ఫైళ్ల కోసం యూపీఎస్ కావాలి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే, 450 వాట్ల సిస్టమ్‌ను అది మోయలేదు.

నెలకోసారి నీటిమట్టం చూడండి, ఏడాదికోసారి నీళ్లు మార్చండి. ఎండలు ముదిరేలోగా, ఫిబ్రవరిలో మారిస్తే మంచిది. దుమ్ము మాత్రం క్యాలెండరు చూసి రాదు. సార్వా, దాళ్వా కోతలప్పుడు గాలిలో దుమ్ము, మండపేట లాంటి మిల్లుల ఊళ్లలో ఊక బూడిద రేడియేటర్ రెక్కల్లో దట్టంగా పడతాయి. కోతలు అయిపోగానే ఫిల్టర్లు కడిగి, రేడియేటర్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టండి. అలా కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలి వేగానికి అది గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.